అత్తమ్మను కేర్ హోంలో చేర్పించాక తెలిసిన సంగతులు: నా అనుభవం

డిశ్చార్జి సమ్మరీ నాలుగో పేజీ కింద ఒక్క వరుస ఉంది: ఇంటి దగ్గర ఇరవై నాలుగు గంటల నర్సింగ్ కేర్ అవసరం. ఆ రోజు 2025 ఫిబ్రవరి 27, గురువారం. అత్తమ్మకు 79 ఏళ్ళు. ఫిబ్రవరి 11 తెల్లవారుజామున మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబు, మూత్రానికి కాథెటర్ గొట్టం. బరువు 54 కిలోలు.

నేను ఇరవై ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రెండేళ్ళ కిందట మానేశాను. అందుకే చుట్టాల్లో ఎవరికీ రెండో ఆలోచనే రాలేదు. "నువ్వే నర్సువు కదా వదినా, నీకంటే మంచిగ ఎవరు చూస్తరు" అంది ఆడబిడ్డ కరీంనగర్ నుంచి ఫోన్లో. వార్డులో నాది ఎనిమిది గంటల డ్యూటీ, అయ్యాక ఇంకొకరు వచ్చి చార్జి తీసుకునేవాళ్ళు. ఇంట్లో ఆ వచ్చే మనిషి లేదు.

ఏజెన్సీ కేర్‌టేకర్లతో పదిహేడు రోజులు నడిపాం. రోజుకు 1,100 రూపాయలు, భోజనం మనదే. మొదటి అమ్మాయి నాలుగో రోజు ఊరికెళ్ళి మళ్ళీ రాలేదు. రెండో ఆమెకు ట్యూబు ఫీడింగ్ రాదు. మూడో ఆమె బాగానే చేసేది, కానీ పగలంతా చేసిన మనిషి రాత్రి నిద్రపోవాలి కదా. పన్నెండుకి, రెండుకి, నాలుగుకి పక్కకు తిప్పడం నా వంతు అయింది. పదో రోజుకే నా నడుం మొరాయించింది. మార్చి 8న హోంలు చూడటం మొదలుపెట్టాం. మా ఆయన వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "అమ్మను హోంలో పడేశాడట" అన్న మాట ఇంకా ఎవరూ అనకముందే ఆయన చెవిలో మోగుతోంది.

వారంలో హైదరాబాద్ చుట్టుపక్కల ఏడు చూశాం: అల్వాల్, సైనిక్‌పురి, నిజాంపేట, బాచుపల్లి, హయత్‌నగర్, మొయినాబాద్ వైపు. కొన్ని నాలుగు బెడ్‌రూంల ఇళ్ళను హోంగా మార్చినవి, కొన్ని అపార్టుమెంట్లో రెండు అంతస్తులు అద్దెకు తీసుకున్నవి.

కాగితాల దగ్గరే మొదట ఆగిపోయాం. ఒక్కో చోట ఒక్కో కాగితం చూపించారు. ఒకరు సొసైటీ రిజిస్ట్రేషన్, ఒకరు జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, ఇద్దరు మాత్రం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్, అంటే వైద్యం చేసే సంస్థగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. వృద్ధుల కేర్ హోంలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు పెట్టాలని 2019 డిసెంబరులో లోక్‌సభకు ఒక సవరణ బిల్లు వచ్చింది. 2024లో ఆ లోక్‌సభ రద్దవడంతో అదీ పోయింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం పేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం 150 మంది పట్టే ఆశ్రమం గురించి చెబుతుంది. నెలకు నలభై వేలు కట్టి చేర్పించేవాళ్ళ బాధ అందులో లేదు. కాబట్టి మనమే తనిఖీ అధికారులం కావాలి. నేను అడిగినవి ఇవి: ట్యూబు, కాథెటర్ ఉన్న మనిషిని చేర్చుకుంటున్నారు గనక డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, సిస్టర్లు పూర్తి నర్సింగ్ డిప్లొమా చేసిన జీఎన్ఎమ్మా, చిన్న కోర్సు చేసిన ఏఎన్ఎమ్మా, నర్సింగ్ కౌన్సిల్ నంబరు చూపిస్తారా, సూదులు, డ్రెస్సింగుల చెత్త ఎవరు పట్టుకెళ్తారు, వంటింటికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉందా, వచ్చే డాక్టరు ఎవరు, వారానికి ఎన్నిసార్లు, ఆయన రాతలు ఎక్కడ. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరు. నాలుగో ప్రశ్నకే "మేడం, మీరు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా" అన్నారు. వాళ్ళను లిస్టులోంచి కొట్టేయడం సులువైంది.

చెత్త సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ హోం గుట్టు అక్కడే బయటపడుతుంది. రక్తం, చీము అంటిన డ్రెస్సింగ్ పసుపు సంచిలోకి, గొట్టాలు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి పోవాలి. 2016 నియమాలు చెప్పేది ఇదే. ఒక చోట మందుల గది తలుపు వెనక పాత నూనె డబ్బాలో సూదులు, దూది, అరటి తొక్క కలిసి కనిపించాయి. చేతులు కడుక్కునే సింకులో సబ్బు లేదు. ఇంక మంచాల దగ్గరికి వెళ్ళలేదు.

మంటల భద్రత అడిగితే అందరూ గోడ మీది ఎర్ర సిలిండర్ చూపిస్తారు. ముల్లు పచ్చ భాగంలో ఉందా, రీఫిల్ తేదీ దాటిందా చూడటానికి పది సెకన్లు చాలు. దానికంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: రాత్రి రెండింటికి పొగ వస్తే ఈ మంచం మీది మనిషిని ఎవరు, ఏ దారిన కిందికి దించుతారు? నిజాంపేట వైపు ఒక హోం మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఒక్కటే, లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు, మతిమరుపు పేషెంట్లు బయటికి పోకుండా గ్రిల్‌కి తాళం, తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర. తాళం వేయడాన్ని తప్పుపట్టను, డిమెన్షియా ఉన్నవాళ్ళు నిజంగానే బయటికి వెళ్ళి తప్పిపోతారు. కానీ అంతస్తులో పనిచేసే ప్రతి ఒక్కరి మెడలో ఒక తాళంచెవి ఉండాలి. అదే చోట ఆక్సిజన్ సిలిండర్ వంటింటి గోడకు ఆనించి ఉంది, గొలుసు లేదు.

బాత్రూంలో నేను చూసినవి: తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుకంటే లోపల పడిన మనిషి తలుపుకు అడ్డంగా పడితే లోపలికి తోయలేం. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ ఉంటే సరిపోదు, దాన్ని పట్టుకుని నా బరువంతా వేసి లాగాను. ఒక చోట స్క్రూ ఊడి చేతికొచ్చింది. ర్యాంపు ఎత్తు ఒక అడుగైతే పొడవు పన్నెండు అడుగులు ఉండాలి. చాలాచోట్ల నాలుగడుగుల్లో ముగించేస్తారు, దాని మీద వీల్‌చైర్ దించాలంటే ఇద్దరు కావాలి.

మార్చి 16, ఆదివారం చేర్పించాం. నెలకు 36,000, డిపాజిట్ 72,000. పెద్ద బోర్డు, గేటు దగ్గర తులసికోట, శుభ్రమైన హాలు. పగటిపూట నేను చూసిందంతా బాగుంది, అదే నా తప్పు. బయల్దేరుతుంటే అత్తమ్మ ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుంది. ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. కారులో కూర్చుని గేటు దాటడానికి అరగంట పట్టింది.

ఒప్పందం తొమ్మిది పేజీలు. చదవాల్సిన చోట్లు మూడు. మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వాపసు. అర్ధరాత్రి పరిస్థితి బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మాకు ముందు ఫోన్ చేస్తారా, తర్వాతా. దీన్ని చేత్తో రాయించి సంతకం పెట్టించాను. మూడోది, నెల ఛార్జీలో ఏవి కలవవు. డైపర్లు, గ్లవ్స్, ట్యూబు మార్పిడి, డ్రెస్సింగ్, ఫిజియో, బయటి డాక్టరు ఫీజు, ఆసుపత్రికి తోడు వెళ్ళే ఆయమ్మ కూలి, ఏవీ కలవవు. డైపర్లు హోం ద్వారా కొంటే ఒక్కోటి 48, మేము మెడికల్ హోల్‌సేల్‌లో కొంటే 32.

మందులు మొదటి రోజే తప్పాయి. పొద్దున అందరి మాత్రలూ స్టీలు గ్లాసుల్లో వేసి ట్రేలో పెట్టారు, గ్లాసు మీద పేరు లేదు, మంచం నంబరు ఒక్కటే. మంచాలు మారితే మందులు మారతాయి. అంతకంటే ఘోరం, ట్యూబులో వేయడానికి అన్నిటినీ కలిపి రోట్లో దంచారు. అత్తమ్మకు రాసిన మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకం. దంచితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది, పైగా జిగురై ట్యూబును మూసేస్తుంది. పూత వేసిన ఆస్పిరిన్, పాంటోప్రజోల్ కూడా దంచకూడనివే. డిశ్చార్జి చేసేటప్పుడే "ట్యూబులో వేయగల రూపంలో రాసివ్వండి" అని డాక్టర్‌ని అడగాలి. నాకే ఆ రోజు ఆ మాట తోచలేదు. మర్నాడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళి మూడు మందులు మార్పించాను. ఒక్కో మందూ విడిగా దంచి, నీళ్ళలో కలిపి వేసి, మధ్యలో నీళ్ళు పోయాలి. ఫీడ్‌కి ముందు 30 మి.లీ., తర్వాత 30 మి.లీ. నీళ్ళు పోస్తే ట్యూబు మూసుకుపోదు.

ట్యూబు విషయంలో ఇంకొకటి. గాలి ఊది స్టెతస్కోపుతో పొట్ట మీద విని "ఉంది" అంటారు. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఒక్కోసారి అదే చప్పుడు వినిపిస్తుంది. కొత్తగా వేసినప్పుడు ఎక్స్‌రే, ఆ తర్వాత ప్రతి ఫీడ్‌కి ముందు పొట్టలోంచి లాగిన రసాన్ని పీహెచ్ కాగితంతో చూడటం, 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ముక్కు దగ్గర ట్యూబు మీది సెంటీమీటర్ల అంకె కూడా రాసుకోవాలి. అత్తమ్మది 55. ఆ అంకె మారితే ఫీడ్ ఆపాలి. మంచం తలవైపు ఒక అట్టముక్క మీద రాసి అంటించాను: ముక్కు దగ్గర 55, నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.

ఆ రెండో వాక్యం ఉగాది రోజు పనికొచ్చింది. మార్చి 30న హోంలో అందరికీ పచ్చడి, బొబ్బట్లు. చూడటానికి వచ్చిన మా చిన్నత్త "పండగ పూట నాలుక మీద ఒక్క చుక్క" అంటూ గిన్నె పట్టుకుని మంచం దాకా వచ్చి, అట్టముక్క చూసి ఆగింది. స్ట్రోక్ తర్వాత మింగడం సరిగా లేని మనిషికి పల్చటి పులుపు నీళ్ళే అన్నిటికంటే ప్రమాదం, గొంతులో జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కానీ అసలు సంగతి దానికి రెండు రోజుల ముందే జరిగింది.

మార్చి 28, శుక్రవారం రాత్రి 9:10కి చెప్పకుండా వెళ్ళాను. మంచం కాళ్ళ దగ్గర క్లిప్‌బోర్డుకు పొజిషన్ చార్టు వేలాడుతోంది. రాత్రి 10 గంటలు ఎడమ, 12 కుడి, 2 వెల్లకిలా, 4 ఎడమ, 6 కుడి. ఐదు గడుల్లోనూ టిక్కులు, ఐదూ ఒకే నీలం ఇంకు, ఒకే పొడి సంతకం. అప్పటికింకా తొమ్మిది దాటి పది నిమిషాలే అయింది.

ఆయమ్మను పిలిచి ఇద్దరం కలిసి పక్కకు తిప్పాం. నడుం కింద, తోక ఎముక మీద అరచేయంత ఎరుపు. మామూలు ఎరుపైతే వేలితో నొక్కి వదిలిన చోట తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. దాని పక్కనే రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయి, తడిగా, గులాబీ రంగులో ఉంది. వెచ్చగా తగిలింది. కదలకుండా ఒకే వైపు పడుకోబెడితే ఒత్తిడికి వచ్చే పడక పుండు అది, అప్పటికే రెండో దశ.

గాలి పరుపు ఉంది, పంపు లైటు వెలుగుతోంది. పరుపు కిందికి అరచేయి దూర్చి, సరిగ్గా నడుం కింద పైకి ఆనించి చూశాను. ఎముకకూ చేతికీ మధ్య కనీసం అంగుళం గాలి మిగలాలి. నా వేళ్ళకు నేరుగా ఎముక తగిలింది. పంపు గొట్టం మంచం ఇనుప చట్రంలో నలిగిపోయింది. పైగా పరుపు మీద రబ్బరు షీటు, నాలుగు మడతల దుప్పటి, దాని మీద బిగించి కట్టిన పక్కబట్ట. అన్ని పొరలు వేస్తే ఏ పరుపూ పనిచేయదు. మడమల కింద నీళ్ళు నింపిన గ్లవ్స్ పెట్టారు. ఆ పాత పద్ధతి మేమూ ఒకప్పుడు వార్డులో చేసేవాళ్ళమే, దానివల్ల లాభం లేదు. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడాలి, అంతే.

ఎందుకు ముందే రాశారని ఆయమ్మను అడిగాను. అరవలేదు, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గడి ఖాళీ ఉంటే జీతంల కోస్తరు మేడం. పొద్దున సిస్టర్ వచ్చి చూస్తది. రాత్రి నేనొక్కదాన్నే. ఎంతమందిని తిప్పాలె?"

ఎంతమందిని తిప్పాలో నేను లెక్కేశాను. హోంలో 14 మంది, అందులో మంచం మీదే ఉన్నవాళ్ళు 8. ఇద్దరు కలిసి ఒకరిని తిప్పి, డైపర్ చూసి, దిండ్లు సర్దడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఎనిమిది మందికి 72 నిమిషాలు. రెండు గంటలకోసారి అంటే మిగిలేది 48 నిమిషాలు. ఆ 48 నిమిషాల్లో మిగతా ఆరుగురిని బాత్రూంకి తీసుకెళ్ళాలి, పదింటి ఫీడ్లు ఇవ్వాలి, యూరిన్ బ్యాగులు ఖాళీ చేయాలి. ఇద్దరుంటే కష్టపడి అవుతుంది. ఒక్కరే అయితే ఒకరిని తిప్పడానికే పదిహేను నిమిషాలు, అంటే 120 నిమిషాలూ దానికే సరి. చేర్చేటప్పుడు "రాత్రి ఇద్దరుంటారు" అన్నారు. రెండో మనిషి వంటమనిషి, వంటింట్లో పడుకుని ఉంది. ఆయమ్మది తప్పు కాదనను గానీ, ఖాళీ గడికి జరిమానా వేసిన చోట నిండు గడులే కనిపిస్తాయి.

ఫోటోలు తీశాను, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, తేదీ కనిపించేలా. చార్టుకు కూడా. రాత్రికి రాత్రే మేనేజరుకు ఈమెయిల్ పెట్టాను. ఫోన్లో చెబితే మర్నాడు ఎవరికీ గుర్తుండదు. జవాబు: "వయసు పైబడినవాళ్ళకు ఇవి సహజం మేడం, పౌడరు వేస్తున్నాం." పౌడరు వేయకూడదు. ఎర్రబడ్డ చోట మర్దన చేయకూడదు. రింగులా గాలి నింపిన ట్యూబు మీద కూర్చోబెట్టకూడదు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. పుండును సెలైన్‌తో కడిగి, ఫోమ్ డ్రెస్సింగ్ వేసి, దాని మీద బరువు పడకుండా చూడాలి. స్పిరిట్, అయోడిన్ పోస్తే కొత్తగా వచ్చే చర్మం కూడా మాడిపోతుంది.

ఏప్రిల్ 4న మార్చేశాం. నోటీసు ఇవ్వలేదని ఒక నెల డబ్బు, శుభ్రం చేసినందుకని 3,000 కోస్తామన్నారు. ఫోటోలు జతచేసి, సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తామని రెండు పేరాల ఉత్తరం రాశాం. 2019 చట్టం ప్రకారం రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకున్నాం. నలభై ఏడో రోజు, మే 21న 69,000 వచ్చింది. మూడు వేల కోసం మళ్ళీ పోట్లాడే ఓపిక లేదు. ఇలాంటప్పుడు వృద్ధుల హెల్ప్‌లైన్ అయిన 14567 ఎల్డర్‌లైన్‌కి కూడా చేయొచ్చు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది.

రెండో హోంను రాత్రి చూశాకే ఒప్పుకున్నాం. "రాత్రి తొమ్మిది తర్వాత వస్తాను" అంటే కుదరదన్నవాళ్ళు ఇద్దరు. మూడో చోట "గేటు దగ్గర ఫోన్ చేయండి, తెరుస్తాం" అన్నారు. వెళ్ళేసరికి ఒక పేషెంటు అరుస్తున్నారు, కారిడార్‌లో మూత్రం వాసన కొద్దిగా ఉంది, ఒక ఆయమ్మ తుడుస్తోంది. నిజం చెప్పాలంటే ఆ వాసనే నాకు నమ్మకం ఇచ్చింది. ఎప్పుడూ ఫినాయిల్ మాత్రమే వాసన వచ్చే చోటును నేను నమ్మను. 16 మందికి రాత్రి ముగ్గురు ఆయమ్మలు, ఒక ఏఎన్ఎమ్. చార్టులో సమయాలు 10:15, 12:30, 2:10 అని వంకరటింకరగా ఉన్నాయి, ఇంకులు వేరు, ఒక గడిలో "దగ్గు, ఆగి తిప్పాం" అని రాసి ఉంది. నెలకు 48,000.

చేర్చుకున్న గంటలో చేసిన పని నాకు నచ్చింది. బట్టలన్నీ విప్పి తల నుంచి మడమ దాకా చర్మం చూసి, ఒంటి బొమ్మ మీద పుండు ఎక్కడుందో గుర్తుపెట్టి, సైజు రాసి, నా సంతకం తీసుకున్నారు. వాళ్ళు తమను కాపాడుకోవడానికే చేశారు, అయినా అదే మనకూ రక్షణ. బ్రేడెన్ స్కేలు వేస్తే 11 వచ్చింది. 6 నుంచి 23 దాకా ఉండే ఆ లెక్కలో 18, అంతకంటే తక్కువైతే పుండ్లు వచ్చే ముప్పు. బరువు తూచారు: 51.2. ఐదు వారాల్లో దాదాపు మూడు కిలోలు పోయాయి. మొదటి హోంలో ఫీడ్ అంటే వడకట్టిన పప్పుకట్టు నీళ్ళు. అందులో మాంసకృత్తులు ఏపాటివి? చర్మం మానాలంటే కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. అత్తమ్మకు సుమారు 65 నుంచి 75 గ్రాములు. పాలు, గుడ్డు తెల్లసొన, పెసరపప్పు పొడి కలిపి డైటీషియన్ రాసిచ్చింది. ప్రతి నెలా ఒకటో తారీఖు తూకం ఉంటుందా అని ఏ హోంనైనా అడగండి. నెలలో నూటికి ఐదు వంతులు తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే.

ఒక చిక్కు మాత్రం పుస్తకాల్లో చదివితే అర్థం కాదు. ఫీడ్ ఇచ్చేటప్పుడు, ఇచ్చాక గంటసేపు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, లేకపోతే పొరబోతుంది. అలా ఎత్తితే మనిషి కిందికి జారి తోక ఎముక దగ్గర చర్మం రాసుకుంటుంది, పుండు పెరుగుతుంది. ఇక్కడి సిస్టర్ ముందు మోకాళ్ళవైపు కొంచెం ఎత్తి, ఆ తర్వాత తలవైపు ఎత్తుతుంది. జారదు. గంట అయ్యాక దించి పక్కకు 30 డిగ్రీలు వాల్చుతుంది, పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుందని. ఏప్రిల్ 26కి పుండు మూసుకుంది, ఇరవై రెండు రోజులు.

కాథెటర్ ఎందుకు ఉందని మొదటి హోంలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇక్కడి డాక్టరు రెండో వారంలోనే అడిగారు. ఉంచిన ప్రతి రోజూ నూటికి 3 నుంచి 7 మందికి మూత్రంలో క్రిములు చేరే అవకాశం ఉంటుంది. ఏప్రిల్ 15న తీసేశారు. ఆరు గంటల్లో మూత్రం వచ్చింది, తర్వాత స్కాన్‌లో మిగిలింది 60 మి.లీ. మాత్రమే. రెండు నెలలు ఉత్త పుణ్యానికి గొట్టం మోసింది అత్తమ్మ.

ఏప్రిల్ ఖర్చు రాసిపెట్టుకున్నాను: హోం 48,000, డైపర్లు 3,900, ఫిజియో పన్నెండు సార్లు 6,000, మందులు 2,700, డ్రెస్సింగులు 3,000. మొత్తం 63,600. హెల్త్ ఇన్సూరెన్సుకు క్లెయిం పెట్టాం, పన్నెండు రోజులకు తిరస్కరించారు. పాలసీలో ఎక్స్‌క్లూజన్ 05 అని ఉంటుంది, విశ్రాంతి చికిత్స, పునరావాసం, సంరక్షణ కిందకు వచ్చేవి ఇవ్వరు. ముందే చదివి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

పెన్షన్ డబ్బు తీయడం ఇంకో తలనొప్పి. కుడి చెయ్యి పనిచేయదు, సంతకం పడదు. వేలిముద్రతో తీసుకోవచ్చు, ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. మూడుసార్లు తిరిగాక మే 9న ఒక ఆఫీసరు స్వయంగా హోంకి వచ్చి ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నారు. అత్తమ్మ ఆయనకు ఎడమ చేత్తో దండం పెట్టబోయింది.

మే 6న మింగే పరీక్ష. మొదట చిక్కటి పెరుగు, తర్వాత గట్టి రాగి జావ, నీళ్ళు చివరికి. గొంతు తడిగా, గురగురమని మాట్లాడితే ఆపేయాలి. జూన్ 10న ట్యూబు తీశారు.

జులైలో గజ్జి వచ్చింది. అవును, మంచి హోంలోనే. కొత్తగా చేరిన ఒకాయన ఒంటి మీద వచ్చింది, వారంలో ఐదుగురికి పాకింది. ఫోన్ వాళ్ళే చేసి చెప్పారు, దాచలేదు. అందరికీ, ఆయమ్మలకు, మాలాంటి వచ్చిపోయేవాళ్ళకు కూడా ఒకే రాత్రి పర్మెత్రిన్ 5 శాతం క్రీము: మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద, ముసలివాళ్ళకు తల మీద కూడా, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఒకే రాత్రి చేయకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి, ఉతకలేనివి మూడు రోజులు సంచిలో కట్టి పెట్టాలి. దురద తర్వాత కూడా రెండు మూడు వారాలు ఉంటుంది, మందు పనిచేయలేదనుకుని రోజూ రాయకూడదు. మా ఇద్దరి క్రీము ఖర్చు మాదే.

ఇప్పటికి అత్తమ్మ బరువు 53.4. వీల్‌చైర్లో రెండు గంటలు కూర్చుంటుంది. మాటల్లో "బిడ్డా", "వద్దు" వచ్చాయి, ఎక్కువగా రెండోదే.

మొన్న ఆగస్టు 8 రాత్రి చెప్పకుండా వెళ్ళాను. గడియారంలో పది దాటి ఐదు నిమిషాలు. చార్టులో పది గంటల గడి ఖాళీగా ఉంది. పక్క గదిలోంచి ఇద్దరు ఆయమ్మలు వచ్చి, "కొంచెం జరుగు సిస్టర్" అని నన్ను పక్కకు జరిపి, అత్తమ్మను ఎడమవైపు వాల్చి, పిక్కల కింద దిండు సర్ది, గోడ గడియారం వైపు చూసి రాశారు: 10:12.